నాలుగు గొట్టాల పెట్టె

చూడటానికి ఆఫీసు బ్రీఫ్‌కేసే. మూత ఎత్తితే స్పాంజిలో కోసిన గుంటల్లో ఒక రివాల్వర్, దానికి నాలుగు గొట్టాలు: రెండున్నర అంగుళాలది, నాలుగుది, ఆరుది, ఎనిమిదిది. ఒకటి ఎక్కించి ఉండేది, తక్కిన మూడూ విడిగా. దేని ఇనుప తొడుగు దానికే. ఒక వారగా రెంచి, పల్చటి ఉక్కు రేకు. డాన్ వెసన్ కంపెనీ దీన్ని పిస్టల్ ప్యాక్ అని అమ్మేది. లోపల బెల్టు బకిల్ కూడా పెట్టి ఇచ్చేవాళ్లు. కొన్నవాళ్లలో దాన్ని నడుముకు పెట్టుకున్న మనిషిని నేను చూడలేదు.

నేను ఆ పెట్టెను చూసింది మసాచుసెట్స్ పడమటి భాగంలో. మా మెషీన్ షాపులో టూల్‌మేకర్‌గా రిటైరైన పెద్దాయన ఒకాయన ఉండేవారు. చలికాలం ఆదివారాలు ఆయన బేస్‌మెంట్‌లో గడిచేవి. మాటల కోసం వెళ్లేవాణ్ణి, పనిముట్లు చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తుపాకుల మీద బతికినవే. కనెక్టికట్ నది వెంట ఉన్న ఆ లోయకు గన్ వ్యాలీ అనే పేరే ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ 1794 నుంచి 1968 దాకా అమెరికా సైన్యానికి ఆయుధాలు చేసింది. ఏ తుపాకీ ముక్కయినా ఏ తుపాకీకైనా సరిపోవాలన్న పంతం అలాంటి ఆయుధశాలల్లోనే, లేతుల దగ్గర, గేజుల దగ్గర ఓ దారికొచ్చింది. కుట్టుమిషన్లకూ సైకిళ్లకూ అది అక్కణ్ణుంచి పాకిందే. రివాల్వర్లు చేసే స్మిత్ అండ్ వెసన్ కంపెనీ కూడా చాలాకాలం స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లోనే ఉంది. దాన్ని స్థాపించినవాళ్లలో ఒకడైన డేనియల్ వెసన్‌కు అదే పేరుతో ఒక మునిమనవడు. ఆయన తాతల కంపెనీలో పాతికేళ్లు చేసి బయటికొచ్చి, సరిగ్గా ఆర్మరీ మూతపడిన 1968లోనే, మాన్సన్ అనే చిన్న ఊళ్లో తన పేరుతో కంపెనీ పెట్టాడు. గొట్టాలు మార్చుకునే ఏర్పాటు కార్ల్ లూయిస్ అనే డిజైనర్‌ది.

మామూలు రివాల్వర్‌లో గొట్టాన్ని ఫ్యాక్టరీలోనే ఫ్రేమ్‌లోకి గట్టిగా బిగించేస్తారు. విప్పాలంటే వైసు కావాలి, చేయి తిరిగిన మనిషి కావాలి. ఇక్కడ గొట్టం రెండు చివరలా మరచుట్లున్న సన్నటి ఉక్కు నాళం. ఒక కొసను చేత్తోనే ఫ్రేమ్‌లోకి తిప్పి, పైన తొడుగు తొడిగి, రెండో కొసన నట్టు బిగించడమే. నట్టు బిగిసేకొద్దీ నాళం రెండు వైపులా లాగబడి నిలుస్తుంది. ఆ బిగువు వల్లే గురి బాగా కుదురుతుందని దాన్ని వాడినవాళ్ల మాట. అమ్మకం కోసం గొట్టాలు మార్చే సదుపాయం పెడితే, గురి దానంతటది వచ్చిందనిపిస్తుంది నాకు.

పెద్దాయన పని మొదలుపెట్టే తీరు ఎప్పుడూ ఒకటే. బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి, సిలిండర్ పక్కకు తీసి, ఆరు గదుల్లోనూ చిటికెన వేలు పెట్టి చూసేవారు. కంటితో చూశాక కూడా వేలు పెట్టాల్సిందే. దాని సిలిండర్ గొళ్లెం తక్కిన రివాల్వర్లలా వెనక ఉండదు, సిలిండర్ ముందు, దాన్ని మోసే క్రేన్ అనే భాగం మీద ఉంటుంది. కొత్తవాళ్ల బొటనవేలు అలవాటుగా వెనక తడుముకునేది, ఆయన మీసాల్లో నవ్వుకునేవారు. తర్వాత రెంచి రెండు చెవులను నట్టు గాడుల్లో కూర్చోబెట్టి ఒక్క విసురు. తొడుగు ముందుకు జారి వచ్చేది. ఫ్రేమ్ ముఖం మీద చిన్న పిన్ను, తొడుగు వెనక దానికి సరిపడా చిల్లు. తిరిగి ఎక్కించేటప్పుడు వంకర రాకుండా కాసుకునేది ఆ పిన్నే.

చుట్లలో పేరుకున్న మసిని టూత్‌బ్రష్‌తో గీకి, హాపీస్ నంబర్ నైన్ అనే ద్రావకంతో తుడిచేవారు. 1903 నాటి సరుకు అది. మగ్గిన అరటిపండు వాసన బేస్‌మెంటంతా పట్టేది, పైనుంచి వాళ్లావిడ తలుపు మూసుకునేది. చుట్లకు ఒక్క చుక్క నూనె రాయకపోతే కొన్నాళ్లకు నట్టు పట్టేసి మొండికేస్తుందని చెబుతూనే రాసేవారు.

అసలు పని ఆ ఉక్కు రేకుది. గొట్టం వెనక అంచుకూ సిలిండర్ ముఖానికీ మధ్య ఆయన పెట్టే సందు అంగుళంలో వెయ్యో వంతులు ఆరు, అంటే 0.15 మిల్లీమీటరు. రేకును మధ్యలో ఉంచి, గొట్టాన్ని అది తగిలేదాకా తిప్పి, అలాగే పట్టుకుని నట్టు బిగించాలి. సందు తగ్గితే నాలుగు రౌండ్లు పేల్చేసరికి మసి చేరి సిలిండర్ రాసుకుంటుంది, పెరిగితే పక్కల నుంచి మంట చిమ్ముతుంది, గుండు వేగం తగ్గుతుంది. రేకు లాగినప్పుడు వేళ్లకు తెలిసే ఆ సన్నటి పట్టు నాకు కొత్తేమీ కాదు. బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్న అంబాసిడర్ ట్యాపెట్లు సెట్ చేసేటప్పుడు ఫీలర్ గేజ్ నా చేతికిచ్చి లాగమనేవాడు. ఇక్కడ ఒక అడుగు ఎక్కువ: సిలిండర్‌ను తిప్పుతూ ఆరు గదుల దగ్గరా రేకు పెట్టి చూడాలి, ఎందుకంటే దాని ముఖం అంతటా ఒకే మట్టంలో ఉంటుందన్న హామీ లేదు. బిగుతుగా ఉన్న గది దగ్గరే కొలత పెట్టుకోవాలి.

ఇంతటి కొలతను కంపెనీ కొన్నవాడి చేతికి వదిలేసింది. నాకు ఆ పెట్టెలో నచ్చింది అదే. ఈ కాలంలో సెల్‌ఫోను బ్యాటరీ మార్చుకోవడానికి కూడా సర్వీస్ సెంటర్‌కు వెళ్లమంటున్నారు.

డాన్ వెసన్ రివాల్వర్లకు మంచి రోజులు సిల్హౌట్ అనే గురి పోటీల కాలంలో వచ్చాయి. ఇనుప రేకుతో కోసిన కోడి 50 మీటర్లలో, పంది 100, టర్కీ కోడి 150, పొట్టేలు 200. తాకితే చాలదు, పడాలి. పొట్టేలు దాకా వచ్చేసరికి పొడుగు గొట్టాల బరువైన డాన్ వెసన్లు చాలామంది చేతుల్లో కనిపించేవట. ఆ మాట వస్తే పెద్దాయన గొంతు పెరిగేది.

వ్యవస్థాపకుడు 1978లో పోయాడు. కంపెనీ చేతులు మారింది, మాన్సన్ వదిలింది, 1995లో దివాలా తీసింది, తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని నార్విచ్‌కు వెళ్లింది, 2005లో సీజెడ్ అనే తుపాకుల కంపెనీ వాళ్లు కొన్నారు. పేరు ఇంకా ఉంది, ఎక్కువగా పిస్టళ్ల మీద.

పెద్దాయన పోయాక ఆయన కొడుకు పెట్టె అమ్మకానికి పెట్టాడు. అమెరికా కేంద్ర చట్టంలో తుపాకీ అంటే ఫ్రేమే, 1968 చట్టం చెప్పిన మాట అది. సీరియల్ నంబరు ఉన్న ఫ్రేమ్ మాత్రం లైసెన్సున్న డీలర్ ద్వారా, కాగితాలతో, నాలుగంగుళాల గొట్టంతో సహా ఒకరికి వెళ్లింది. తక్కిన గొట్టాలు విడివిడిగా అడిగినవాళ్లే ఎక్కువిచ్చారు. ఎనిమిదంగుళాలది ఒకరికి, ఆరుది ఇంకొకరికి, రెండున్నరది మరొకరికి పార్సెల్ కట్టాడు. రెంచి ఫ్రేమ్‌తో పోయింది. బెల్టు బకిల్‌కు కూడా బేరం వచ్చింది, అదీ మంచి ధరకే.