వయసు, గడ్డం, పేరు

లోపలికి పిలిచేముందు దస్తీతో రెండుసార్లు ముఖం తుడుచుకున్నాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసు. లెక్కలు చూసే ఉద్యోగం. నాకు 38 ఏళ్లు. పదో తరగతి కాగానే అబ్బాజాన్ మంచం పడితే ఆరేళ్లు నల్లగొండలో సైకిళ్లకు పంక్చర్లు వేశాను. డిగ్రీ చేతికొచ్చేసరికి 28. తర్వాత పదేళ్లు బియ్యం దుకాణంలో పద్దులు రాశాను. దుకాణం మూతపడింది. మా బస్తీలో ఎవరికీ చదువు వయసుకు అందదు.

ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నా కాగితాలు తిప్పాడు. పేరు దగ్గర ఆగాడు. "ఏజ్ కాస్త ఎక్కువైంది" అన్నాడు. ప్రకటనలో వయసు మాటే లేదు. "మా దగ్గర నీట్‌గా కనబడాలి. ఆ గడ్డం తీసేస్తారా?" ఆయన పక్కనున్న కుర్రాడికీ గడ్డముంది. అతనిది ఫ్యాషన్. నాది మజహబ్! పద్దుల గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇంటికొచ్చాక "క్యా బోలే?" అంది నా భార్య. వయసైపోయిందట అన్నాను. గడ్డం సంగతి దాచాను. మళ్లీ ఇంటర్వ్యూ వస్తే తనే నా తలకు, గడ్డానికి నల్లరంగు వేసింది. అక్కడ వయసు సరిపోయింది, అపియరెన్స్ సరిపోలేదు.

రాజ్యాంగం 16వ అధికరణం చదివాను. ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టినచోటు, నివాసం చూసి వివక్ష చూపరాదంది. ఆ జాబితాలో వయసు లేదు, ముఖం లేదు. పైగా ప్రైవేటు ఆఫీసు గడప దాకా ఆ అధికరణం రాదు. ఇక 'నువ్వు తురకోడివి' అని నోరు జారాల్సిన ఖర్మ ఎవరికి? 'వయసు' అంటే చాలు. 'నీట్‌నెస్' అంటే చాలు. హిజాబ్ వేసుకున్న ఆడవాళ్లకు కార్పొరేట్ ఆఫీసుల్లో ఉద్యోగాలు దొరకడం కష్టమవుతోందన్న గోడును 2006లో సచార్ కమిటీ కూడా నమోదు చేసింది. మా చెల్లెలికి ఆ నివేదిక చదవాల్సిన పని లేదు.

తెల్లవెంట్రుకలకు రంగు వేసుకోవచ్చు. గడ్డం గీసుకోవచ్చు. మా తమ్ముడు నున్నగా గీసుకునే తిరుగుతున్నాడు. వాడికీ "కబురు చేస్తాం" అనే చెప్పారు. దరఖాస్తులో మొదటి గీత మీదున్న పేరును ఏ రంగుతో కప్పాలి?

రేపు ఇంకోచోటికి పిలిచారు. ఈసారి రంగు వద్దన్నాను. నెరిసిన గడ్డంతోనే వెళ్తాను. పేరు పూర్తిగా చెబుతాను. అయ్యా, నన్ను లెక్కలు అడగండి. తప్పితే పంపించేయండి.