నరం తలుపు దగ్గర

బయాలజీ చదువుతున్నాననే పాపానికి మా ఊళ్లో నేను సగం డాక్టరును. మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు పోతుంటే, మర్రిచెట్ల రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది మా ఊరు. పోయిన వానాకాలం టమాటా తోటలో మా చిన్నాయన కొడుకును కుక్క పిక్క మీద కరిచింది. ఒకరు పసరన్నారు, ఒకరు సున్నమన్నారు. మా అవ్వ ఏకంగా కారప్పొడి డబ్బాతోనే వచ్చింది.

"వద్దవ్వా, సబ్బు తే" అన్నాను.

"సదువుకున్నోనివి, సబ్బుతోని పిచ్చికుక్క విషం పోతదారా?"

ప్రశ్న మంచిదే. బోరు నీళ్ల కింద పావుగంట సేపు వాడి కాలు కడుగుతూ జవాబు చెప్పాల్సి వచ్చింది.

రేబిస్ విషం కాదు, వైరస్. తుపాకి గుండు ఆకారం, ఐదే ఐదు రకాల ప్రోటీన్లు. పైకి ముళ్లలా పొడుచుకొచ్చే జి-ప్రోటీన్ దాని చెయ్యి అనుకోండి. కుక్క చొంగతో కండలో పడ్డ వైరస్ వెంటనే మెదడుకు ఎగిరిపోదు. నరం వచ్చి కండను కలిసే చోట అసిటైల్‌కోలిన్ గ్రాహకాలుంటాయి. కదలమని నరం చెప్పే మాటను కండ వినేది వాటితోనే. వైరస్ పట్టుకునేదీ వాటినేనని 1982లో యేల్ విశ్వవిద్యాలయంలో లెంట్జ్ బృందం చూపింది. కట్లపాము జాతి విషంతో ఆ గ్రాహకాలను ముందే మూసేస్తే, కోడిపిల్ల కండకణాలకు వైరస్ సోకడం తగ్గిపోయింది. 1984లో తేలిన సంగతి మరీ చిత్రం: జి-ప్రోటీన్‌లో ఒక ముక్క పాము విషాన్నే పోలి ఉందట! రాత్రి నేలమీద పడుకునే మా వాళ్లకు కట్లపాము సంగతి ఒకరు చెప్పాలా? పామూ కుక్కా ఒకే తలుపు తడతాయంటే అవ్వ నోరు తెరిచింది.

1998లో నరకణాల మీద మరో రెండు గ్రాహకాలు బయటపడ్డాయి, ఎన్‌క్యామ్, పి75 అని. పట్టు దొరికిన వైరస్‌ను నరకణం తన పొరలోనే మూటగట్టి లోపలికి లాక్కుంటుంది. ఆ మూట నరం వెంట వెన్నుపాముకు, అక్కణ్నుంచి మెదడుకు. లక్షణాలు కనబడ్డాక చావు దాదాపు తప్పదు.

కనుక పోరాటమంతా తలుపు బయటే. సబ్బు వైరస్ కొవ్వుపొరను చీలుస్తుంది. గాయంలోకే పొడిచే సీరం జి-ప్రోటీన్‌ను కప్పేసి, గ్రాహకాన్ని అందనివ్వదు. టీకా పనిచేసి ఒంట్లో ప్రతిరక్షకాలు పుట్టేదాకా అదే కాపలా. అదే పూట తమ్ముణ్ని బస్సెక్కించి ఆస్పత్రిలో రెండూ ఇప్పించాం. అవ్వ భయమల్లా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. గొర్రె మెదడుతో చేసే ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు.

అన్నట్టు, 2007లో ఆ జి-ప్రోటీన్ నుంచి 29 అమైనో ఆమ్లాల ముక్కను తీసుకొని, దానికి మందు తగిలించి, రక్తం ద్వారా ఎలుకల మెదడుకు చేర్చారు. మామూలు మందులను మెదడు గడప తొక్కనివ్వదు. వైరస్ చెయ్యి పట్టుకొని వెళితే మాత్రం లోపలికి రానిచ్చింది.