తాళము తప్పినదెవరు?

లయ తప్పెనన్నంతనే పాడువానిని నిందించుట లోకమున వాడుక. యంత్రమునకుఁ దాళము తప్పదని మనకొక గట్టి నమ్మకము. ఆ నమ్మకము మా పాఠశాలలో నొక బాలునకుఁ జేయఁబోయిన యన్యాయమును చదువరులకు విన్నవించెదను.

వార్షికోత్సవమునకై బృందగానమును కంప్యూటరులో రికార్డు చేయుచుంటిమి. హార్మోనియము, మృదంగము మొదలగు వాద్యముల స్వరములను సాఫ్ట్‌వేరునందు ముందుగాఁ గూర్చియుంచి, వానిని హెడ్‌ఫోనులో వినుచు పిల్లలొక్కొక్కరే పాడవలెను. తొమ్మిదవ తరగతి బాలుఁడొకఁడు పాడినదంతయు తాళమునకు వెనుకఁబడి వినవచ్చెను. వానిని తొలగింపుఁడని పలువురనిరి. కాని వాఁడు పాడుచుండఁగా నేను వాని చేతిని చూచితిని. తొడపై వేసిన తాళమునకును పాటకును వెండ్రుకవాసి భేదము లేదు.

ఇతరులు తీగగల హెడ్‌ఫోనుతోఁ బాడిరి. వీఁడొక్కఁడే తన యన్నగారి బ్లూటూత్ హెడ్‌ఫోనును తెచ్చుకొనెను. దానిని మైకునకు ఆనించి, పాటను మాని, తాళపు టిక్కుటిక్కును మాత్రము మ్రోగించి రికార్డు చేసితిని. మనుష్యుఁడెవఁడును పాడని యా రికార్డును ఇంచుమించు 200 మిల్లీసెకన్లు ఆలస్యముగానే యుండెను! నిమిషమునకు 75 దెబ్బలు పడు మా పాటలో ఒక్కొక్క దెబ్బకు 800 మిల్లీసెకన్లు. అనఁగా సరిగా నాల్గవ వంతు వెనుకఁబాటు. ధ్వనిని కుదించి, గాలిలోఁ బంపి, మరల విప్పుటలో ఆ కాలము గడచుచున్నది. బాలుఁడు తనకు వినవచ్చిన తాళమునకు నమ్మకముగాఁ బాడినాఁడు.

తీగ తగిలించినపిదప మిగిలినది బఫరు. కంప్యూటరు ధ్వనిని చుక్కచుక్కగాఁ గాక చెంబులతో ముంచి పోయును. సెకనుకు 44,100 నమూనాల లెక్కన 1,024 నమూనాల చెంబు నిండుటకు 23 మిల్లీసెకన్లు పట్టును, లోనికొకసారి, వెలికొకసారి. అందుచేఁ దన గొంతు తనకే ఆలస్యముగా వినవచ్చి పాడువాఁడు తికమకపడును. 128కి దింపఁగాఁ జిటపటలు పుట్టినవి. 256 వద్ద యంత్రము కుదుటపడినది.

మా యదృష్టమేమనఁగా, ఆలస్యము ప్రతి దెబ్బకును ఒకే పాటిగా నుండెను. ఒకటి 5, వేఱొకటి 30 మిల్లీసెకన్లు జాఱుచుండినచో దిద్దుటకు లెక్కయే దొరకదు. ఆ బాలుని పాత రికార్డునే 200 మిల్లీసెకన్లు ముందునకు జరిపితిని. అక్షరములన్నియుఁ దాళపు గీఁతలపైఁ గూర్చుండెను.

మఱునాఁడు దానిని వినిపింపఁగా, తొలగింపుమన్నవారిలో నొకరు తల యూఁచి, "రాత్రి బాగుగా సాధన చేసినట్లున్నాఁడే!" యనిరి.