వాక్కు నిలిచియుండగానే

ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మరణక్రమాన్ని బోధించే ఘట్టం ఉన్నది. రోగగ్రస్తుని చుట్టూ బంధువులు కూర్చుండి, తమను గుర్తించినాడా అని అడుగుతుంటారు. వాక్కు మనస్సునందు, మనస్సు ప్రాణమునందు, ప్రాణము తేజస్సునందు, తేజస్సు పరదేవతయందు లీనం కానంతవరకు అతడు వారిని ఎరుగును. పిమ్మట ఎరుగడు.

నేటి ఐసీయూలో ఈ క్రమం తారుమారైనది. వాక్కు, స్మృతి ఏనాడో లీనమైనవి; శ్వాసను మాత్రం వెంటిలేటరు నడుపుతున్నది. బంధువులు తలుపు వెలుపల ఉన్నారు. కంఠంలో గొట్టమున్న వానికి తులసితీర్థం పోయుటెట్లు? అప్పుడు కుమారులు అర్చకుని వద్దకు వచ్చి, "స్వామీ, యంత్రం తీయించడానికి ఏ తిథి మంచిది?" అని అడుగుతారు. ధనిష్ఠా పంచకం దాటేవరకు ఉంచుమని వైద్యుని ప్రాధేయపడేవారూ లేకపోలేదు. పంచకదోషానికి శాంతి విధింపబడినది. దోషభయంతో ఆసన్నమరణుని యంత్రానికి బంధించి ఉంచుట మాత్రం శాంతి కానేరదు. ఇది పంచాంగం తీర్చవలసిన ప్రశ్న కాదు.

ఇచ్చట భీష్ముని ఉదాహరించుట పరిపాటి. ఆయనకు స్వచ్ఛందమరణం వరం. పైగా శరశయ్యపై ధర్మరాజునకు రాజధర్మాలు బోధించునంతగా వాక్కు ఆయన వశంలో ఉన్నది. మనవాడు మాటలేక పడియున్నాడు. వాని కోరికను చెప్పవలసినవాడు మరొకడు, ఒక్కొక్కప్పుడు ఆస్తికి వారసుడు కూడా. ప్రభుత్వానికి ఇందులో ప్రవేశమేల అనువారు ఈ ఒక్క విషయం విస్మరిస్తున్నారు.

ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో దాడికి గురై చైతన్యం కోల్పోయినది. ఆమెకు మరణం అనుమతించుమన్న విన్నపాన్ని 2011లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. దశాబ్దాలుగా సేవించిన నర్సులు ఆమె జీవించవలెననిరి. న్యాయస్థానం వారి మాటకే విలువనిచ్చినది. ఆమె 2015 వరకు జీవించినది. ఆమె ఏమి కోరెడిదో ఎవరికీ తెలియదు. 2018లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవప్రదమైన మరణాన్ని జీవనహక్కులో భాగంగా అంగీకరించి, ముందుగా వ్రాసియుంచిన ఇచ్ఛాపత్రాన్ని చెల్లుబాటు చేసినది. అప్పటి విధానం కలెక్టరు, మేజిస్ట్రేటుల చుట్టూ తిరుగునట్టిది; ఆచరణకు దుస్సాధ్యం. 2023లో సడలించి నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించిన చాలునన్నారు. చికిత్స విరమణకు రెండు వైద్యబృందాల సమ్మతి కావలెను, మేజిస్ట్రేటుకు తెలియజేయవలెను. రాజ్యం సాక్షిగా నిలుచుట యుక్తమే. నిర్ణయం మాత్రం రోగిదే.

అసాధ్యవ్యాధికి చికిత్సకు పూనుకొనరాదని చరకుడు వైద్యుని హెచ్చరించినాడు. కనుక నిష్ప్రయోజనమైన చికిత్సను విరమించుట, ప్రాణం తీయుట ఒకటి కావు. అయినను వీలునామాపై నిస్సంకోచంగా సంతకం చేసిన చేయి, ఈ పత్రం అనగానే "అశుభం" అని వెనుకకు పోతున్నది!

గొట్టం తొలగించిన తరువాత శ్వాస కొన్ని నిమిషాలో, కొన్ని గంటలో నిలువవచ్చును. ఆ వ్యవధిలో దగ్గరివారిని లోనికి రానిమ్మని, పెదవులు తడుపునంత తీర్థం, చెవిలో నారాయణనామం అనుమతింపుమని వైద్యుని ముందే అడిగి ఉంచుకొనవలెను.