బ్రిస్టలు రేవులో కాలినడకన

బ్రిస్టలు పట్టణాన్ని బస్సెక్కి చూడడం దండుగ. చూడవలసినవి చాలావరకు దగ్గర దగ్గరనే ఉన్నాయి. వీధులు ఇరుకు, ఎత్తుపల్లాలు జాస్తి. గట్టి జోళ్ళు తొడుక్కొని పొద్దున్నే బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు ముఖ్యమైనవి ముగించవచ్చు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి పుణ్యమా అని ఒక సెలవురోజున నాకు ఆ అవకాశం దొరికింది.

ఈ ఊరు ఇంగ్లండుకు పడమటి దిక్కున ఏవన్ నది ఒడ్డున ఉన్నది. రేవుపట్టణమే గాని ఊళ్ళో నిలబడితే సముద్రం కనబడదు; అది కొన్ని మైళ్ళ దిగువన ఉన్నది. అక్కడి పోటుపాటులు లోకంలో పేరుపడినవి. నది సముద్రంలో కలిసేచోట పోటుకూ పాటుకూ నడుమ నీరు నలభై అడుగుల దాకా హెచ్చుతగ్గులవుతుంది. పూర్వం పాటు వేళకు ఊరి రేవులోని ఓడలు బురదలో కూలబడి ప్రక్కకు ఒరిగేవట. విలియం జెస్సప్ అనే ఇంజనీరు నదికి వేరే కాలువ తవ్వించి, పాత పాయకు తలుపులు పెట్టి నీటిని నిలవకట్టాడు. 1809లో ఆ పని పూర్తయింది. అందువల్ల ఈనాడు ఊరి నడుమ రేవు నీరు మన చెరువు నీటివలె నిలకడగా ఉంటుంది. పెద్ద ఓడల వర్తకం ఎప్పుడో దిగువకు వెళ్ళిపోయింది. ఇక్కడ మిగిలినవి పడవలూ, పాత గిడ్డంగులూ, ఫలహారశాలలూను.

మేము కార్న్ స్ట్రీటుతో మొదలుపెట్టాము. ఇది వర్తకుల వీధి. ఇక్కడి ఎక్స్చేంజి భవనాన్ని 1741-43 సంవత్సరాలలో జాన్ వుడ్ అనే శిల్పి కట్టాడు. బాత్ పట్టణానికి రూపు దిద్దినది ఆయనే. ముఖద్వారం మీది స్తంభాలు, వాటి తలకట్టులు ఎంతో పొందికగా ఉన్నాయి. ఆ తలకట్టుల నడుమ ఉన్న పట్టీని మాత్రం నిదానంగా చూడాలి. మా సరుకు భూమి నాలుగు దిక్కులకూ పోతుంది సుమా అని చాటడానికి దేశదేశాల మనుష్యుల ముఖాలు చెక్కించారు. అందులో ఆఫ్రికావారి ముఖమూ ఉన్నది. అది ఎందుకున్నదో సాయంత్రానికి గాని నాకు బాగా తలకెక్కలేదు.

భవనం ముందర కాలిబాట మీద నడుమెత్తున నాలుగు లోహపు దిమ్మెలున్నాయి. పైన పళ్ళెంవంటి చదునైన తల, చుట్టూ కొంచెం లేచిన అంచు. వీటిని మేకులంటారు. వర్తకులు బేరం కుదరగానే రొక్కం వీటి మీద లెక్కపెట్టి చెల్లించేవారు. నాణెం దొర్లి క్రింద పడకుండా ఆ అంచు. రెండింటి మీద 1625, 1631 అని సంవత్సరాలు కనబడతాయి. మిగిలిన రెండు ఇంకా పాతవి.

"మామయ్యా, అప్పటికప్పుడు రొక్కమివ్వడాన్ని ఇంగ్లీషులో మేకు మీద ఇవ్వడం అంటారు చూడండి, అది ఇక్కడే పుట్టిందని ఈ ఊరివాళ్ళ నమ్మకం" అన్నాడు మావాడు. నిఘంటువులు వ్రాసేవారు ఒప్పుకోరట. ఒప్పుకోకపోతేనేమి, ఆ దిమ్మె మీద చెయ్యి ఆనించి నిలబడినప్పుడు నేను ఊరివాళ్ళ పక్షమే.

తల యెత్తితే గడియారం. దానికి నిమిషాల ముళ్ళు రెండు! బ్రిస్టలులో సూర్యుడు లండనుకంటె పది నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. రైలు వచ్చాక లండను కాలం తప్పనిసరి అయింది. ఊరివారు 1852 దాకా తమ కాలాన్ని వదలలేదు. అప్పటి రెండు ముళ్ళూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఒక భాషగా బ్రతికే మనవారికి ఆ గడియారం చూస్తే నవ్వు వస్తుంది గాని వింత అనిపించదు.

ఆ ప్రక్కవీధి బ్రాడ్ స్ట్రీటులో ఎడ్వర్డ్ ఎవరార్డ్ అనే ముద్రాపకుడు 1900 ప్రాంతంలో కట్టించిన అచ్చుకూటపు ముఖభాగం ఉన్నది. అంతా రంగు రంగుల మెరుగు పలకలు. ఒకవైపు గుటెన్‌బర్గ్, ఒకవైపు విలియం మారిస్, ఇద్దరూ తమ తమ యంత్రాల వద్ద నిలబడి ఉంటారు. యంత్రాలు పోయాయి, వెనుక ఇప్పుడు హోటలు. అచ్చుపని చేసేవాడికి అంత సోకైన గోడ మరెక్కడా చూడలేదు. మన పత్రిక అచ్చయ్యే చోటి గోడలు పాఠకులు చూడకపోవడమే మేలు.

అదే వీధి చివర పాత కోటగోడ ద్వారమూ, దాని నెత్తిన సెయింట్ జాన్ చర్చీ ఉన్నాయి. అది దాటి క్రిస్మస్ స్టెప్స్ అనే మెట్లసందు. 1669లో మెట్లు కట్టారు. సన్నగా, వంకరగా, దుకాణాలతో ముద్దుగా ఉన్నది. మోకాళ్ళు మాత్రం మెచ్చుకోవు.

ఊరి నడిబొడ్డున ఒక ఖాళీ పీఠం చూచాము. ఎడ్వర్డ్ కోల్‌స్టన్ అనే వర్తకుడు బళ్ళకూ, వృద్ధుల ఆశ్రమాలకూ ధారాళంగా ధనమిచ్చి 1721లో చనిపోయాడు. 1895లో ఆయనకు విగ్రహం నిలిపి, ఊరికి పుట్టిన గుణవంతులలో ఒకడని పీఠం మీద వ్రాయించారు. ఆ ధనంలో కొంత, ఆఫ్రికా మనుష్యులను పట్టి అమ్మిన కంపెనీ నుండి వచ్చినదని వ్రాయలేదు. 1698కీ 1807కీ నడుమ ఈ రేవు నుండి బానిసల వ్యాపారానికి రెండువేలకు పైగా ఓడ ప్రయాణాలు సాగాయి. 2020 జూన్ 7న జనం ఆ విగ్రహాన్ని తాళ్ళతో లాగి పడగొట్టి, దొర్లించుకుపోయి రేవులో పారవేశారు.

గ్రేట్ జార్జి వీధిలోని ఇల్లు ఈ కథకు రెండవ పుట. జాన్ పినీ అనే చక్కెర తోటల యజమాని 1790 ప్రాంతంలో కట్టించుకున్న ఇల్లది. (పేరు వింటే మన పిన్ని గుర్తుకు వస్తుంది, మనిషి తీరు వేరు.) ఇప్పుడది ప్రదర్శనశాల. గదులు వెలుతురుగా, కొలతలు ముచ్చటగా ఉన్నాయి. క్రింది అంతస్తులో యజమాని చన్నీటి స్నానానికి రాతితో కట్టిన తొట్టి ఉన్నది. పైమెట్లెక్కితే చిన్న గదిలో పీరో అనే మనిషి కథ చెబుతారు. వెస్టిండీసులోని నీవిస్ దీవిలో 1765లో, పన్నెండేళ్ళవాడిగా ఉండగా, అతనిని పినీ కొన్నాడు. 1783లో తనతో ఇంగ్లండుకు తెచ్చుకున్నాడు. 1798లో పీరో చనిపోయాడు. పినీ గట్టి లెక్కల మనిషి; ఆయన ఖాతాలు, ఉత్తరాలు విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. పద్దులు వ్రాయడమే బ్రతుకుతెరువైన నాకు, మనిషి కూడా ఒక పద్దుగా ఎక్కగలడన్న సంగతి ఆ గదిలో గొంతుకు అడ్డం పడింది. ఎక్స్చేంజి గోడ మీది ముఖం అప్పుడు మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది.

రేవు మీద నడిచేవారికోసం 1999లో కట్టిన వంతెనకు పీరో పేరే పెట్టారు. దానికి కొమ్ముల వంటివి రెండున్నాయి. అవి అలంకారం కావు. పడవలు వచ్చినప్పుడు వంతెన లేవడానికి సరితూకం. అవతలి గట్టున పాత గిడ్డంగిలోని ఎం షెడ్ అనే ప్రదర్శనశాలలో కోల్‌స్టన్ విగ్రహం ఉన్నది. నీటిలోనుండి తీసి, జనం పూసిన రంగులతోనే, వెల్లకిలా పడుకోబెట్టారు. మావాడు, చట్టప్రకారం తీయవలసింది అన్నాడు. ఏళ్ళ తరబడి అడిగినా తీయలేదు కదా అన్నాను. తిరిగి నిలబెట్టకుండా, దాచెయ్యకుండా అలా చూపడం నాకు సరియైన పని అనిపించింది.

సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ చర్చి చూచేటప్పటికి పొద్దు వాలింది. అంత ఎత్తైన గోపురాన్ని అందరూ చూస్తారు. ఆవరణలో నేలలో గుచ్చుకున్న ట్రాము పట్టా ముక్కను చూచేవారు తక్కువ. 1941లో బాంబు పడి ఇళ్ళ మీదుగా ఎగిరివచ్చి అక్కడ దిగబడింది. తీయకుండా ఉంచేశారు.

మరునాడు ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు వెళ్ళాము. ఊరి నడుమ కాలేజి గ్రీన్ దగ్గర రాజా రామమోహనరాయల విగ్రహం 1997లో పెట్టినది ఉన్నది గాని, ఆయన సమాధి ఇక్కడ. 1833 సెప్టెంబరు 27న ఆయన ఈ ఊరిలోనే కన్నుమూశారు. మొదట వేరేచోట పాతిపెట్టి, పదేళ్ళకు ఇక్కడికి మార్చారు. ద్వారకానాథ టాగూరు కట్టించిన రాతి ఛత్రి శిలువల నడుమ మన దేశపు మంటపంలాగే ఉన్నది. ఆయన వెలిగించిన దీపం రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారి దాకా, పిఠాపురం మహారాజుగారి దాకా వచ్చింది కదా. చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాము. ఏటా సెప్టెంబరులో అక్కడ స్మరణ జరుగుతుంది. ఆ నెలలో వెళ్ళేవారు తేదీ ముందుగా విచారించుకొని వెళ్ళడం మంచిది. స్టేషను దగ్గర బాత్ రోడ్డు బస్సెక్కితే వాటిక గేటు దగ్గరే దిగవచ్చు.