రాకెట్టెక్కినా రాజకీయం దిగదు

“రాకెట్ల కథకి పార్టీ ఏంటండీ, విడ్డూరం కాకపోతే!” అన్నారు పక్కింటి వదినగారు, గోడ మీద వడియాల చేట కాస్త అటు జరిపి మోచేతులు ఆనించుకుంటూ. వాళ్ళమ్మాయి అమెరికా నుంచి సెలవులకి వచ్చింది. అలమరలో ‘ఎండర్స్ గేమ్’ కనపడిందట. ఇంటర్‌లో ఉండగా తనే కొనిపించుకుని, అన్నానికి పిలిచినా లేవకుండా చదివిన పుస్తకం. ఇప్పుడు దాన్ని పాత పేపర్లవాడికి వేసెయ్యమందట. “పుస్తకం బాగుంటుందట, రాసినాయన భావాలు మాత్రం బాగుండవట. హోటల్లో ఇడ్లీ బాగుంటే తింటాం గానీ, వండినాయన ఓటు ఎవరికేశాడో కనుక్కుంటామా?”

కనుక్కోం. కానీ ఇడ్లీలో వంటాయన రాజకీయం ఉండదు, సైన్స్ ఫిక్షన్‌లో ఉండక తప్పదు అన్నాను. మామూలు నవల రాసేవాడికి ఊరు ముందే తయారుగా ఉంటుంది. గుంటూరు గురించి రాస్తే మునిసిపాలిటీ, ఎమ్మార్వో ఆఫీసు, కులాలు, కట్నాలు అన్నీ ఆయన కలం పట్టకముందే అక్కడున్నాయి. చంద్రుడి మీద కాపురాల గురించి రాసేవాడికి ఆ సుఖం లేదు. అక్కడ ఓటెవరికి, జైలుందా లేదా, మురుగు ఎవరు ఎత్తిపోస్తారు, ఆఖరికి పీల్చే గాలికి డబ్బు కట్టాలా వద్దా అన్నది కూడా ఆయనే తేల్చాలి. రాబర్ట్ హైన్లైన్ అనే ఆయన 1966లో చంద్రుడి మీద తిరుగుబాటు నవల రాస్తూ గాలికి నిజంగానే డబ్బు కట్టించాడు. ఇవన్నీ తేల్చడం రాజకీయం కాక మరేమిటి?

“మొదట్నుంచీ ఇంతేనా?” అన్నారు వదినగారు.

మొదట్నుంచీ ఇంతే. ‘ఆదిత్య 369’లో బాలకృష్ణ ఎక్కిన యంత్రానికి ముత్తాత హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన టైమ్ మెషీన్. అందులో మనిషి 8,02,701వ సంవత్సరానికి వెళతాడు. నేల మీద ఏ పనీ చెయ్యకుండా పళ్ళు తింటూ ఆడుకునే సుకుమారులు, నేల కింద యంత్రాలు నడుపుతూ రాత్రిపూట పైకొచ్చి ఆ సుకుమారుల్నే తినే జనం. పైవాళ్ళు ఒకప్పటి యజమానుల సంతతి, కిందవాళ్ళు కార్మికుల సంతతి అయ్యుంటారని ఆ ప్రయాణికుడు ఊహిస్తాడు. వెల్స్ సోషలిస్టు. ఆ సంగతి తెలియకుండా చదివినా చీకట్లో వేళ్ళు తడిమే ఆ ఘట్టం దగ్గర ఒళ్ళు జలదరిస్తుంది. తెలిసి చదివితే ఆ జలదరింపుకి ఇంకో కారణం తోడవుతుంది, అంతే తేడా.

జూల్స్ వెర్న్ సంగతి మరీ తమాషా. సముద్రం అడుగున జలాంతర్గామి నడిపే కెప్టెన్ నెమోని ఆయన మొదట రష్యా జారు మీద కసి పెంచుకున్న పోలిష్ ప్రభువుగా అనుకున్నాడు. రష్యాలో పుస్తకం అమ్ముడుపోదేమోనని ప్రచురణకర్త అడ్డం పడ్డాడు. దాంతో నెమో ఏ దేశంవాడో చెప్పకుండానే ఆయన కనిపించే తొలి నవల ముగిసింది. 1875లో వచ్చిన ‘మిస్టీరియస్ ఐలండ్’లో చూస్తే ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, పేరు డక్కర్, టిప్పు సుల్తాన్‌కి బంధువు, 1857 తిరుగుబాటులో ఇంగ్లీషువాళ్ళతో పోరాడి అయినవాళ్ళందర్నీ పోగొట్టుకున్నవాడు. రాజకీయం ఒద్దని ఒక తలుపు మూస్తే మన దేశం తలుపు తీసుకుని లోపలికొచ్చింది.

వదినగారి మామగారు పాతకాలపు కమ్యూనిస్టు. ఆయన ‘వేయిపడగలు’ పట్టుకుని వరండాలో కూర్చుంటే పేజీ పేజీకీ విశ్వనాథ వారిని తిట్టేవారట. తిడుతూనే చివరిదాకా చదివి, మళ్ళీ మొదలుపెట్టేవారట. మా పుట్టింట్లో దీనికి తిరగేసి. విశాలాంధ్ర వాళ్ళ వ్యాను వచ్చిందంటే మా నాన్న సోవియట్ పుస్తకాలు సంచీ నిండా తెచ్చేవారు. లెనిన్ మీద ప్రేమ కాదు, రూపాయికి అంత మంచి కాయితం ఎవరిస్తారని. మేము బొమ్మలు చూశాం, కథలు చదివాం, ఎవరం పార్టీలో చేరలేదు. కాబట్టి రచయిత రాజకీయం మనకి అంటుకుంటుందన్న భయం నాకు ఎప్పుడూ లేదు. నా గొడవ వేరు. పుస్తకంలో అవతలివాడిని నోరు తెరవనిస్తున్నాడా లేదా అన్నదొక్కటే నేను చూస్తాను.

హైన్లైన్‌నే తీసుకోండి. 1959లో ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ రాశాడు, మరుసటి సంవత్సరం హ్యూగో బహుమతి వచ్చింది. అది సైన్స్ ఫిక్షన్ అభిమానులు తామే ఓట్లేసి ఇచ్చే బహుమతి. ఆ నవల్లో ప్రభుత్వ సేవ, ముఖ్యంగా సైనిక సేవ, పూర్తిచేసినవాళ్ళకే ఓటు. తక్కినవాళ్ళు వ్యాపారాలు చేసుకోవచ్చు, బాగా బతకొచ్చు, ఓటు మాత్రం లేదు. బడిలో దీన్ని సమర్థించే పాఠం ఒకటుంటుంది. చెప్పే మాస్టారు యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాయన, ఆ మోడుచేతినే పిల్లల వైపు చూపిస్తూ మాట్లాడతాడు. హింస వల్ల ఏదీ తేలదని మా అమ్మ అంటుంది అని ఒక పిల్ల లేచి చెబుతుంది. అయితే ఆ మాట నేలమట్టమైన కార్తేజ్ నగర పెద్దలకి చెప్పమంటాడు ఆయన. పిల్ల ఉక్రోషపడుతుంది తప్ప జవాబు చెప్పలేదు. క్లాసంతా అంతే. ఎవరూ గట్టిగా ఒక్క ఎదురు ప్రశ్న వెయ్యరు.

“అలాంటి క్లాసు నాకొక్కటి ఇచ్చుంటే!” అన్నారు వదినగారు. ఆవిడ రిటైరయ్యేదాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పారు.

అదీ నా కంప్లయింటు. ఆయన సిద్ధాంతం నాకు నచ్చకపోవడం వేరు, ఆ క్లాసులో ఒక్క గడుగ్గాయి కూడా లేకపోవడం వేరు. రెండోదే పుస్తకాన్ని నీరసం చేసింది. మళ్ళీ అదే పుస్తకంలో, చివరికొచ్చాక, ఇంతసేపూ మనతో కథ చెబుతున్న కుర్రాడి ఇంటి భాష తగలోగ్ అని మాటల్లో మాటగా తెలుస్తుంది. అంటే ఫిలిప్పీన్స్ పిల్లాడు. అమెరికాలో నల్లవాళ్ళకి వేరే పంపు, వేరే బల్ల ఉన్న 1959లో, అంతరిక్ష సైన్యానికి కథానాయకుడు ఒక ఆసియావాడు! ఏ చర్చా పెట్టకుండా, పాఠం చెప్పకుండా చేసిన ఆ పని ఆ మాస్టారి ఉపన్యాసాలన్నిటికంటే నాకు ఎక్కువ నచ్చింది.

అసలు ఆయన రాజకీయం ఏదంటే, ఏ పుస్తకం చదివి అడుగుతున్నారని మనమే ఎదురడగాలి. 1934లో కాలిఫోర్నియా గవర్నరుగా పోటీచేసిన సోషలిస్టు రచయిత అప్టన్ సింక్లెయిర్ ఉద్యమంలో చేరినవాడు, 1938లో తనూ రాష్ట్ర శాసనసభకి నిలబడి ఓడినవాడు. తరవాత కరడుగట్టిన కమ్యూనిస్టు వ్యతిరేకి. 1961లో ఆయన రాసిన ‘స్ట్రేంజర్ ఇన్ ఎ స్ట్రేంజ్ లాండ్’ని నెత్తిన పెట్టుకున్నది ఎవరనుకున్నారు? హిప్పీలు!

1968లో గెలాక్సీ అనే పత్రిక వియత్నాం యుద్ధం మీద రచయితలు సంతకాలు పెట్టిన ప్రకటనలు రెండు వేసింది. యుద్ధం కొనసాగాలన్న జాబితాలో హైన్లైన్, ఒద్దన్న దాంట్లో ఐజాక్ అసిమోవ్, రే బ్రాడ్బరీ, అర్సులా లెగ్విన్. ఆ యుద్ధానికి వెళ్ళి గాయపడి వచ్చిన జో హాల్డ్‌మన్ ‘ఫరెవర్ వార్’ రాశాడు. హైన్లైన్ నవలకి అది సూటి సమాధానమని లోకమంతా అనుకుంది. హైన్లైన్ దాన్ని చదివి మెచ్చుకున్నాడు. పాఠకులం మనం కొట్టుకు చస్తాం గానీ వాళ్ళు బాగానే ఉంటారు.

అందరూ కాదులెండి. ఫిలిప్ కె. డిక్ 1974లో ఎఫ్‌బీఐకి ఉత్తరం రాశాడు. పోలండ్‌లో స్టనిస్లావ్ లెమ్ అనే రచయిత ఒక మనిషి కాదు, కమ్యూనిస్టులు నడిపే ఒక కమిటీ అని! ఒక్కడే అన్ని శైలుల్లో రాయడం అసాధ్యమని ఆయన అనుమానం. పాపం ఆ లెమ్, అమెరికా సైన్స్ ఫిక్షన్‌ని చీల్చి చెండాడుతూ, పనికొచ్చేవాడు డిక్ ఒక్కడేనని పొగిడినవాడు. వదినగారు చేట పడిపోతుందేమోనన్నంతగా నవ్వారు.

ఇక లెగ్విన్. 1974లో ఆవిడ రాసిన ‘డిస్‌పొసెస్డ్’ గోడతోనే మొదలవుతుంది. మన గోడలాంటి పిట్టగోడే, పిల్లలు కూడా ఎక్కేయగలిగింది. దానికి ఏది లోపలో ఏది బయటో చూసేవాడు నిలబడ్డ చోటుని బట్టి ఉంటుంది. ఒక పక్క ప్రభుత్వం, ఆస్తి, పోలీసు ఏవీ లేని అనారెస్ అనే బీద గ్రహం. అవతల అన్నీ దండిగా ఉన్న ఉరాస్. ఆవిడ మనసు అనారెస్ మీదే, దాచుకోలేదు కూడా. అయినా తన మనుషుల్ని ఎక్కడ పెట్టిందో చూడండి: దుమ్ములో, కరువులో. పెత్తనమే లేని ఆ లోకంలో సబూల్ అని ఒక పెద్ద శాస్త్రవేత్త ఉంటాడు. షెవెక్ అనే కుర్ర శాస్త్రవేత్త చచ్చీ చెడీ రాసిన పుస్తకం అచ్చు కావాలంటే పక్కన తన పేరూ ఉండాలంటాడు. మన యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేసినవాళ్ళకి ఇంతకంటే వివరించక్కర్లేదు. తను నమ్మినదాన్ని ఆవిడే నిలదీసింది. అందుకని ప్రభుత్వం ఉండాల్సిందేనని గట్టిగా నమ్మే నేను కూడా ఆ పుస్తకం దగ్గర మనస్ఫూర్తిగా ఓడిపోతాను.

“అదంతా పుస్తకంలో రాజకీయం. మా అమ్మాయి చెప్పేది బయటి సంగతి కదండీ,” అన్నారు వదినగారు. లెక్కల టీచరు ఊరికే వదుల్తారా?

ఆవిడన్నది నిజం. ఆర్సన్ స్కాట్ కార్డ్ 1985లో రాసిన ‘ఎండర్స్ గేమ్’లో ఆయన పార్టీ ఏమిటో వెతికినా దొరకదు. ఆరేళ్ళ పిల్లాణ్ణి తీసుకెళ్ళి యుద్ధం ఆటలు ఆడిస్తారు. ఆఖరి ఆట పరీక్షేననుకుని శత్రుజాతిని మొత్తం తుడిచిపెట్టేస్తాడు. అది ఆట కాదని ఆ తరవాత చెబుతారు. మిగతా కథంతా వాడి పశ్చాత్తాపం. చీమల్లాంటి ఆ శత్రువుల కోసం మన కళ్ళు చెమరుస్తాయి. అలాంటిది రాసిన చెయ్యి స్వలింగ సంపర్కులకి వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి వ్యాసాలు రాసింది. వాళ్ళ పెళ్ళిళ్ళకి చట్టబద్ధత ఒద్దని పోరాడే సంస్థ కార్యవర్గంలో 2009 నుంచి 2013 దాకా ఆయన ఉన్నాడు. 2013లో సినిమా వచ్చినప్పుడు బహిష్కరించమని పిలుపులు వచ్చాయి. వదినగారమ్మాయి గదిలో కలిసి ఉన్న స్నేహితురాలు అలాంటి పిల్లేనట. మనది కాని జీవి మీద కూడా జాలిపడమని పన్నెండో తరగతిలో వదినగారమ్మాయికి నేర్పింది ఆ పుస్తకమే. అదే జాలి తన స్నేహితురాలి మీద రచయితకి లేదంటే కోపం రాదూ? అది రాజకీయంతో విభేదం కాదు, మాట తప్పినవాడి మీద కోపం. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పను.

చైనా రచయిత లియు సిషిన్ దగ్గర నాకూ కొంచెం అలాగే అయింది. ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ ఇంగ్లీషులో 1967 సాంస్కృతిక విప్లవంతో మొదలవుతుంది. ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని వేదికెక్కించి, బడి వయసు ఆడపిల్లలు బెల్టులతో కొట్టి చంపుతారు. కూతురు కిందినుంచి చూస్తూంటుంది. చైనాలో 2008లో పుస్తకం వేసినప్పుడు ఆ ఘట్టాన్ని మొదట పెట్టడం ఎందుకొచ్చిన గొడవని మధ్యలోకి నెట్టారు. చదివితే ఎంత ధైర్యస్థుడో అనిపిస్తుంది. 2019లో ఒక అమెరికా పత్రిక ఉయ్‌గర్ ముస్లింల గురించి అడిగితే ఆయన ప్రభుత్వాన్నే వెనకేసుకొచ్చాడు. నవల వేరు, మనిషి వేరు అని తెలిసినా ఆ ప్రొఫెసర్ కూతురు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. పుస్తకం మాత్రం అలమరలోనే ఉంది.

ఆ నవలకి 2015లో హ్యూగో వచ్చింది, అనువాద నవలకి రావడం అదే మొదలు. ఆ ఏడు ఓటింగులో పెద్ద రభస. బహుమతులన్నీ వామపక్ష భావాలవాళ్ళకే పోతున్నాయని ఒక వర్గం జట్టు కట్టి తమ జాబితాని నామినేషన్లలో నింపేసింది. ఓటర్లు ఐదు విభాగాల్లో ‘ఎవరికీ ఒద్దు’ అని తీర్పిచ్చారు.

“మన నోటా లాగానా?”

“అచ్చం నోటా. కాకపోతే అక్కడ అది గెలిచింది.”

కార్డ్ పుస్తకం సంగతి తేల్చాలి కదా. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లో ఇచ్చేద్దాం, అక్కడ కొన్నవాడి రూపాయి రచయితకి చేరదు అన్నాను. వదినగారికి లెక్క నచ్చింది. అమ్మాయి మాత్రం ‘డబ్బే అయితే గొడవేముందాంటీ’ అని లోపల్నుంచే కేకేసింది. పాత పేపర్లవాడికీ వెయ్యలేదు, కొట్టుకీ పంపలేదు. ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

ఈలోగా లెగ్విన్ నవల వదినగారికి ఇచ్చాను. సగం అయ్యాక పేజీ మధ్యలో వేలు పెట్టుకుని వచ్చి నిలదీశారు. కరువొచ్చిందని షెవెక్‌ని ఒక చోటికి, పెళ్ళాన్ని ఇంకో చోటికి పనికి పంపిస్తారు, నాలుగేళ్ళు ఎడబాటు. వదినగారు చింతలపూడిలో, అన్నయ్యగారు అవనిగడ్డలో ఉద్యోగాలు చేస్తూ పిల్లల్ని పెంచిన రోజులు ఆవిడకి బాగా గుర్తు.

“ప్రభుత్వం లేదు, డీఈఓ లేడు అన్నారు కదండీ. మరి ఈ బదిలీలు ఎవరేస్తున్నారు? కనీసం స్పౌజ్ కేటగిరీ అయినా పెట్టుకోలేదా వీళ్ళు?”