అన్నీ తెల్లపూలేనా

మాది ఎర్రగడ్డ అని చెప్పగానే ఎదుటివాళ్ల మొహంలో ఒక చిన్న నవ్వు కనిపిస్తుంది. సినిమాల పుణ్యమా అని మా ఏరియా పేరే ఒక పిచ్చాసుపత్రి జోకు అయిపోయింది. ఇక్కడ రైతుబజార్ ఉందనీ, ఆదివారం అంగడిలో పాత రంపం నుంచి పాత రేడియో దాకా దొరుకుతాయనీ ఆ జోకులు రాసేవాళ్లకి పట్టదు. ఆ సినిమావాళ్లుండే జూబ్లీహిల్స్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. అక్కడ తోట వేయాలంటే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుని పిలుస్తారు. మా ఇంటి ముందున్న 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు జాగాకి ఆర్కిటెక్టుని నేనే.

నాన్న ఉన్నన్నాళ్లూ అది స్కూటర్ జాగా. ఆయన పోయిన ఏడాదికి స్కూటర్ అమ్మేశాం. గచ్చు మీద నూనె మరక మిగిలింది. పొద్దున్నే వాకిలి కడిగేటప్పుడు అమ్మ చీపురు అక్కడ కాసేపు ఆగేది. గచ్చు పగలగొట్టించి తోట వేద్దామన్నాను. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

గ్రాఫ్ పేపర్ తెచ్చాను. మొక్కల కంటే ముందు ఎండని గీయాలని అప్పుడే తెలిసింది. ఒక ఆదివారం గంట గంటకీ బయటికి వెళ్లి నీడ అంచున సుద్దముక్కతో గీత గీశాను. తూర్పున అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. దాని నీడ పొద్దున జాగానంతా కప్పేసి, మెల్లగా వెనక్కి జరుగుతుంది. తూర్పు గోడ పక్కన ఎండ తగిలేసరికి పన్నెండు. పడమటి మూల ఒక్కటే, మహా అయితే నాలుగడుగుల చదరం, ఆరు గంటల పైన ఎండ చూస్తుంది. మన తోట ప్లానులో మొదటి గీత పక్కింటి బిల్డరే గీసేస్తాడన్నమాట.

ఇంగ్లండులో వీటా శాక్‌విల్-వెస్ట్ అనే రచయిత్రి 1950 ప్రాంతంలో సిస్సింగ్‌హర్స్ట్‌లో తెల్లపూలతో ఒక తోట వేసింది. దాని ఫొటోలు చూసినప్పటి నుంచీ నాకు అదే పిచ్చి. మనకైతే ఇంకా తేలిక అనుకున్నాను. మల్లె, సన్నజాజి, పారిజాతం, నందివర్ధనం... మన వాసన పూలలో చాలావరకు తెల్లవే. ఇలాంటివి పొద్దు వాలాక విచ్చుకుంటాయి. వాటికోసం వచ్చే రాత్రి పురుగులకి చీకట్లో దారి చూపేవి వాసనా, తెలుపూ. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేదీ ఎనిమిదింటికే కాబట్టి, ఆ పురుగులదీ నాదీ ఒకే టైంటేబుల్. ఎండ మూలలో మల్లె, గేటు పక్కన పారిజాతం, కిటికీ మీదికి సన్నజాజి పెట్టి, మధ్యలో అమ్మ నడవడానికి మూడడుగుల దారి వదిలాను.

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కాగితం మీద వేలు జరుపుతూ చూసింది.

"అన్నీ తెల్లపూలేనా?"

"రాత్రి కనిపిస్తాయమ్మా."

"మల్లెలు ఎవరు పెట్టుకుంటరు? నీకు జుట్టు లేదు. నాకు..."

అక్కడితో ఆపేసింది.

నాన్న శనివారం శనివారం ఇంటికొస్తూ బస్టాపు దగ్గర రెండు మూరల మల్లెలు కొనుక్కొచ్చేవాడు. ఆయన పోయిన పదో రోజున, బంధువుల్లో ఒక పెద్దామె అమ్మ జడలోంచి పూలు తీసేసింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. బాబ్ కట్ చేయించుకుని, స్త్రీవాదం మీద వ్యాసాలు రాసే నేను ఒక్క మాట అనలేదు. ఆ ఏడాది అమ్మ బతుకమ్మ పేర్చలేదు. ఎందుకని కూడా అడగలేదు. ఇప్పుడు ఆమె ఇంటి ముందు తలలో పెట్టుకునే పూలన్నీ నాటి, దానికి డిజైన్ అని పేరు పెట్టాను.

"మరి నీకేం కావాలి?" అన్నాను, ఆలస్యంగా.

"బంతి. ముద్దబంతి, ఎర్రది. కొంచెం సీతజడ." ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "బంతిపూలు గుమ్మానికి కడతరు, దేవుడికి పెడతరు, బతుకమ్మల పేరుస్తరు. వాటిని కోస్తుంటే నా తల దిక్కు ఎవ్వరు చూడరు."

బంతికీ ఎండ కావాలి, మల్లెకీ ఎండ కావాలి. ఎండ మూల ఒక్కటే. బంతి నాలుగైదు నెలల మొక్క, మల్లె ఏళ్ల తరబడి ఉండేది, దానికే జాగా ఇవ్వాలని కాసేపు వాదించాను కూడా. సిగ్గులేదు నాకు.

అయిదో కాగితం మీద ఆ మూల బంతికి వెళ్లింది. అమ్మే పెన్సిల్ తీసుకుని సున్నాలు చుట్టింది, మరీ దగ్గర దగ్గరగా. తూర్పు గోడ కింద కనకాంబరం పెట్టాం, దానికి సగం నీడ చాలు. పారిజాతాన్ని అమ్మ ఉండనిచ్చింది. రాలిన పూలు ఏరుకోవడం ఆమెకి ఇష్టం. మల్లె మేడెక్కింది. ఆదివారం అంగడిలో దొరికిన సగానికి కోసిన డ్రమ్ముకి అడుగున బొక్కలు పెట్టి, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి నింపాం.

నర్సరీ నుంచి వచ్చేటప్పటికే దానికి మొగ్గలున్నాయి. వారం తిరిగాక ఒక సాయంత్రం వంటింట్లో అమ్మ మాల కడుతోంది. దేవుడికట. దేవుడి పటానికి వేశాక ఇంకా మూరెడు మిగిలింది. దాన్ని తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టింది.

"అది ఎవరికమ్మా?" ఈసారి అడిగాను.

"ఉండనీ," అంది. "ఆషాఢంల బంతి నారు పోయాలె. మట్టి తెప్పించుడు మర్చిపోకు."